మెమరీ కార్డుల పోటీ: మెమరీ స్టిక్, ఎక్స్‌డీ ఎందుకు పోయాయి, ఎస్‌డీ ఎలా నిలిచింది, ఇప్పుడు ఏది కొనాలి?

అందరికీ నమస్కారం. ఇవాళ టేబుల్ మీద కొత్త ఫోను లేదు, కొత్త కెమెరా లేదు. ఆరు మెమరీ కార్డులున్నాయి: కాంపాక్ట్‌ఫ్లాష్, స్మార్ట్‌మీడియా, మెమరీ స్టిక్, ఎక్స్‌డీ, ఎస్‌డీ, మైక్రోఎస్‌డీ. అన్నీ చేసే పని ఒక్కటే. అయినా నేరుగా ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పనిచేయదు. వీటిలో నాలుగు ఎందుకు వెనకబడ్డాయో చూస్తే, ఈరోజు కార్డు కొనేటప్పుడు ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

ముందుగా కాంపాక్ట్‌ఫ్లాష్. శాన్‌డిస్క్ 1994లో తెచ్చింది. వీటన్నిటిలో మందమైనది ఇదే. దీని అంచు కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. వరసగా 50 చిన్న రంధ్రాలున్నాయి. వీటిలోకి వెళ్లే పిన్నులు కార్డుకి కాదు, కెమెరా లోపల ఉంటాయి. కార్డు వంకరగా దూర్చి గట్టిగా నొక్కితే పిన్ను వంగుతుంది, అప్పుడు రిపేరు కెమెరాకి వస్తుంది. ఆ ఒక్క ఇబ్బంది పక్కన పెడితే మంచి డిజైన్. డేటా ఎక్కడ రాయాలో, ఎక్కడ చదవాలో చూసుకునే కంట్రోలర్ చిప్ కార్డులోనే ఉంది కాబట్టి కెమెరాకి ఇది చిన్న హార్డ్ డిస్క్‌లా కనిపిస్తుంది. ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్లు దీన్ని అంత కాలం వదలకపోవడానికి ఒక కారణం అదే.

పక్కనున్నది తోషిబా వాళ్ల స్మార్ట్‌మీడియా, 1995 నాటిది. మందం 0.76 మిల్లీమీటర్లు, చేత్తో పట్టుకోవాలంటేనే భయమేస్తుంది. ఇందులో కంట్రోలర్ లేదు. లోపల డేటా దాచే ఫ్లాష్ చిప్‌ని సంభాళించే భారమంతా కెమెరా మీదే. దాంతో ఎక్కువ సైజు కార్డు వచ్చినప్పుడల్లా కొన్ని పాత కెమెరాలు దాన్ని చదవలేకపోయాయి. చివరికి 128 ఎంబీ దగ్గర ఆగిపోయింది.

2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి ఎక్స్‌డీ కార్డు తెచ్చాయి. సైజు తగ్గించారు గానీ కంట్రోలర్ లేని పద్ధతి అలాగే ఉంచారు. తర్వాత వచ్చిన టైప్ ఎం కార్డులు కొన్ని పాత కెమెరాల్లో పనిచేయలేదు. అప్పటి ఒలింపస్ కెమెరాల్లో పనోరమా ఫొటో తీయాలంటే ఒలింపస్ బ్రాండ్ ఎక్స్‌డీ కార్డే ఉండాల్సి వచ్చేది. డబ్బు పెట్టి కెమెరా కొన్న మనిషికి అందులో ఉన్న ఫీచర్‌ని కార్డు పేరు చూసి ఆపడం నాకు అస్సలు నచ్చదు. ఎక్స్‌డీ 2 జీబీ దాటలేదు.

మెమరీ స్టిక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సోనీ 1998లో మొదలుపెట్టింది. కెమెరా, హ్యాండీక్యామ్, వాయో ల్యాప్‌టాప్, చేతిలో పట్టుకుని గేములాడే పీఎస్‌పీ, సోనీ ఎరిక్సన్ ఫోను, అన్నిటికీ ఒకే కుటుంబం కార్డు అన్నది వాళ్ల ఆలోచన. ఇల్లంతా సోనీ అయితే హాయిగానే ఉండేది. కానీ ఆ కుటుంబంలోనే ప్రో, డ్యువో, ప్రో డ్యువో, ఎం2 అంటూ రకాలు పెరిగాయి. మన దగ్గర మొబైల్ షాపుల్లో పాటలు ఎక్కించుకున్న రోజులు గుర్తున్నాయా? మైక్రోఎస్‌డీ ఇస్తే షాపతను మారు మాట లేకుండా రీడర్‌లో పెట్టేవాడు. ఫోను మార్చినా ఆ కార్డు తీసి కొత్త ఫోనులో వేసుకుంటే పాటలన్నీ వచ్చేసేవి. ఎం2 ఉన్నవాళ్లు సోనీ ఎరిక్సన్ వదిలి వేరే కంపెనీ ఫోనుకి మారితే కార్డు కూడా మార్చాల్సిందే. 2010 జనవరిలో సోనీయే స్వయంగా ఎస్‌డీ కార్డులు కూడా తెస్తున్నామని ప్రకటించింది.

మీ దగ్గర ఎక్స్‌డీ గానీ మెమరీ స్టిక్ గానీ ఉంటే, దయచేసి ఈ వారంలోనే ఫొటోలు కాపీ చేసుకోండి. పిల్లల అన్నప్రాశన, తాతగారి చివరి ఫొటోలు అందులోనే ఉండిపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఫ్లాష్ మెమరీ వాడకుండా ఏళ్ల తరబడి పడేస్తే డేటాని నిలిపే లోపలి ఛార్జ్ మెల్లగా తగ్గుతుంది. రీడర్ దొరక్కపోతే పాత కెమెరానే యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడిగితే మాత్రం క్యాన్సిల్ కొట్టండి. ముందు ఫొటోరెక్ లాంటి ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి.

ఇక ఎస్‌డీ. 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ప్రకటించాయి, మరుసటి ఏడాది ఎస్‌డీ అసోసియేషన్ పెట్టి మిగతా కంపెనీలని కలుపుకున్నాయి. నా లెక్కలో గెలుపు అక్కడే ఖాయమైంది. ఏ కంపెనీ పరికరం కొన్నా కార్డు పనికొస్తుందనే ధీమా జనానికి వచ్చింది. గోరంత మైక్రోఎస్‌డీ కూడా అడాప్టర్‌లో పెడితే ఎస్‌డీ స్లాట్‌లో కూర్చుంటుంది.

అలాగని ఎస్‌డీలో తికమక లేదని కాదు. మామూలు ఎస్‌డీ, 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. ఆకారం మూడిటికీ ఒకటే. మామూలు ఎస్‌డీ కాలంనాటి కెమెరాలో 64 జీబీ కార్డు చక్కగా దూరుతుంది, కానీ కెమెరా దాన్ని గుర్తించదు. అలాంటి కెమెరాకి 2 జీబీ లేదా అంతకంటే చిన్న కార్డు వెతకండి.

ఇప్పుడు కొత్తగా మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ మీద చర్చ నడుస్తోంది. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 గేమింగ్ పరికరంలో గేములు కార్డులో పెట్టుకోవాలంటే ఇదే కావాలి. మామూలు మైక్రోఎస్‌డీ వేస్తే పాత స్విచ్‌లోని స్క్రీన్‌షాట్లు, వీడియోలు తెచ్చుకోవడం వరకే పనికొస్తుంది. వేగంలో తేడా నిజంగానే పెద్దది: మామూలు కార్డుల్లో కనిపించే యూహెచ్ఎస్-1 అనే ప్రమాణంలో గరిష్ఠం సెకనుకు 104 ఎంబీ అయితే, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ తొలి ప్రమాణంలోనే గరిష్ఠం 985 ఎంబీ. కానీ ఎక్స్‌ప్రెస్ లేని ఫోనులో వేస్తే పనిచేస్తుంది గానీ వేగం పాతదే. కాబట్టి స్విచ్ 2 లేకపోతే దీనికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఫోనుకి, 4కె వీడియోకి మంచి కంపెనీ మైక్రోఎస్‌డీ తీసుకోండి, మీద వీ30, ఏ2 గుర్తులు చూసుకోండి. వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని, ఏ2 అంటే కార్డులోంచి యాప్‌లు నడపడానికి తగిన వేగం ఉందని. సీసీ కెమెరాకైతే హై ఎండ్యూరెన్స్, అంటే పదే పదే రాసినా తట్టుకునేది, అని రాసున్నదే కొనండి. పెళ్లిళ్లు తీసే తమ్ముళ్లకి ఒక మాట: ప్రొఫెషనల్ కెమెరాల్లో వాడే కొత్త తరం కార్డు సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్‌లో టైప్ ఏ కార్డు టైప్ బీ స్లాట్‌లో పట్టదు. బ్రాండ్‌ని బట్టి కార్డు రకం మారొచ్చు కాబట్టి, కెమెరా బ్రాండ్ మార్చే ముందు కార్డుల ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.