ఎల్‌సీఎస్‌డబ్ల్యూ పరీక్షలో మనవాళ్లు ఎక్కడ తడబడతారు?

నమస్కారం. అమెరికాలో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్ పూర్తిచేసి, సీనియర్ పర్యవేక్షణలో పనిచేస్తూ సూపర్‌విజన్ గంటలు కూడబెట్టుకుని, ఇప్పుడు ఎల్‌సీఎస్‌డబ్ల్యూ అనే క్లినికల్ సోషల్ వర్క్ లైసెన్సు పరీక్షకు కూర్చోబోతున్న మనవాళ్ల కోసం ఈ వీడియో. అందరూ అడిగేది ఒకటే: "ఏ పుస్తకం కొనమంటారు?" పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. నేను గమనించినంతలో తెలుగువాళ్లకు సిలబస్‌తో పెద్ద పేచీ లేదు. ఎంసెట్లు రాసి వచ్చిన ప్రాణాలు మనవి, బట్టీ పట్టమంటే మానసిక రుగ్మతల లక్షణాలన్నీ ఉండే డీఎస్‌ఎం పుస్తకం మొత్తం పట్టేస్తాం. పేచీ అంతా మన అలవాట్లతోనే. ఇంట్లో ఎవరికైనా కష్టం వస్తే మనం వెంటనే ఏం చేస్తామో, ఈ పరీక్షలో చాలాసార్లు అదే తప్పు జవాబు.

ముందు లెక్కలు గబగబా చెప్పేస్తాను. పరీక్ష తయారుచేసేది ఏఎస్‌డబ్ల్యూబీ, అంటే అన్ని రాష్ట్రాల సోషల్ వర్క్ బోర్డుల సంఘం. లైసెన్సు ఇచ్చేది మాత్రం మీ రాష్ట్ర బోర్డు. 2018 నుంచి నడిచిన నమూనాలో 170 ప్రశ్నలు, 4 గంటలు. అందులో 150కే మార్కులు. మిగతా 20 ప్రయోగానికి పెట్టినవి, అవి ఏవో మీకు తెలియదు. పాసవడానికి ఎన్ని కావాలన్నది పేపర్ కష్టాన్ని బట్టి దాదాపు 90 నుంచి 107 మధ్య మారుతుంది. ఫీజు 260 డాలర్లు. తప్పితే మళ్లీ రాయడానికి 90 రోజులు ఆగాలి. 2026 ఆగస్టుతో నమూనా మారుతుందని ఏఎస్‌డబ్ల్యూబీ ప్రకటించింది కాబట్టి, ఫీజు కట్టే ముందు మీ తేదీకి ఏ నమూనా వర్తిస్తుందో వాళ్ల గైడ్‌బుక్‌లో చూసుకోండి. సీనియర్ ఇచ్చిన పాత నోట్సు పట్టుకుని వెళ్లిపోకండి.

లైసెన్సుకు కావలసిన గంటల లెక్క ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. టెక్సస్‌లో కనీసం 24 నెలల్లో 3,000 గంటల పని, 100 గంటల సూపర్‌విజన్. కాలిఫోర్నియాలో కూడా 3,000 గంటలే గానీ, దానికి తోడు ఆ రాష్ట్రపు లా అండ్ ఎథిక్స్ పరీక్ష విడిగా రాయాలి. హైదరాబాద్ రోడా మిస్త్రీ కాలేజీలోనో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎంఎస్‌డబ్ల్యూ చేసి వచ్చినవాళ్లు ముందు తమ డిగ్రీని సీఎస్‌డబ్ల్యూఈ అనే సంస్థ దగ్గర మూల్యాంకనం చేయించుకోవాలి. ఇక్కడ మళ్లీ ఎంఎస్‌డబ్ల్యూలో చేరేముందే ఆ పని చేయండి. అవసరం లేని రెండేళ్ల ఫీజు ఎందుకు?

ఇక అసలు సంగతికి వద్దాం. నేనే తయారుచేసిన ప్రశ్న ఒకటి వినండి. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వస్తోంది. నిద్ర లేదు, మార్కులు పడిపోయాయి. వాళ్ల నాన్న సోషల్ వర్కర్‌కు ఫోన్ చేసి, "ఫీజు కట్టేది నేను, మా అమ్మాయికి ఏమైందో చెప్పండి" అంటాడు. సోషల్ వర్కర్ ముందుగా ఏం చేయాలి? ఒకటి, వివరాలు చెప్పకుండా అమ్మాయి బాగానే ఉందని ధైర్యం చెప్పాలి. రెండు, అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. మూడు, ఆ అమ్మాయి తన క్లయింట్ అవునో కాదో కూడా చెప్పకూడదు. నాలుగు, రాతపూర్వకంగా అడగమనాలి.

మనలో చాలామంది చెయ్యి రెండో దాని మీదకు పోతుంది. పాపం, ఆయన గొంతులో భయం మనకు వినిపిస్తుంది కదా. కానీ జవాబు మూడు. పంతొమ్మిదేళ్లంటే చట్టం దృష్టిలో పెద్దమనిషి. ఆమె అనుమతి లేకుండా "బాగానే ఉంది" అన్నా గోప్యత పోయినట్టే, ఎందుకంటే ఆమె మీ దగ్గరకు వస్తోందన్న విషయం ఆ మాటతోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత అమ్మాయితో మాట్లాడి, ఆమె ఒప్పుకుంటే నాన్నను కలపొచ్చు. అది తర్వాతి అడుగు. ప్రశ్న అడిగింది మొదటి అడుగు.

మొదట, తర్వాత, అన్నిటికన్నా మెరుగ్గా. ఈ మాటలు ప్రశ్నలో పెద్ద అక్షరాల్లో ఉంటాయి. నాలుగు జవాబుల్లో రెండు మూడు మంచివే అయి ఉంటాయి, వాటి వరుస తెలుసుకోవడమే పరీక్ష. క్లయింట్‌కు గుండెదడ, తల తిరగడం అని ఉంటే ముందు డాక్టర్ దగ్గర పరీక్షలు, ఆ తర్వాతే యాంగ్జైటీ గురించి ఆలోచన. "నాకు బతకాలని లేదు" అని క్లయింట్ అంటే, మనం ఇంట్లో "ఛ, అలా అనకూడదు" అంటాం. పరీక్షలో సూటిగా అడగాలి: చనిపోవాలన్న ఆలోచన ఉందా, ఎలా అని ఆలోచించారా, అందుకు కావలసినది దగ్గర ఉందా? వెంటనే ఆసుపత్రికి పంపడం సాధారణంగా తప్పు, ఎందుకంటే ప్రమాదం ఎంతో మీరింకా తెలుసుకోలేదు. అయితే ఆలోచన, పద్ధతి, సాధనం మూడూ ఉన్నాయని ప్రశ్నలోనే రాసి ఉంటే మళ్లీ అంచనా వేస్తూ కూర్చోకూడదు. అప్పుడు భద్రతే మొదటి పని. ఈ తేడా పట్టుబడితే మార్కులు బాగా పెరుగుతాయి.

చట్టం విషయంలో టెక్సస్‌వాళ్లకు ఒక మెలిక ఉంది. 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తారాసాఫ్ కేసులో, క్లయింట్ ఫలానా మనిషికి హాని చేస్తానంటే ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని చెప్పింది. టెక్సస్ సుప్రీంకోర్టు 1999లో థాపర్ వర్సెస్ జెజుల్కా కేసులో అలాంటి హెచ్చరించే బాధ్యతను ఒప్పుకోలేదు. ఉద్యోగంలో మీరు మీ రాష్ట్ర చట్టం ప్రకారమే నడవాలి. పరీక్ష మాత్రం దేశం మొత్తానికి ఒకటే, అక్కడ తారాసాఫ్ పద్ధతిలో ఆలోచించండి. మంచి అనుభవం ఉన్నవాళ్లు కూడా "మా ఆఫీసులో ఇలా చేయం కదా" అనుకుంటూ తప్పు గుర్తిస్తుంటారు. పరీక్ష రాసే రోజు మీ ఆఫీసును ఇంట్లో వదిలి వెళ్లండి.

పిల్లల మీద హింస గురించి కూడా చెప్పాలి. చిన్నపిల్లకు కడుపునొప్పి తగ్గాలని నాయనమ్మ వాత పెట్టింది అనుకోండి. ప్రేమతోనే పెట్టింది, మన ఊళ్లలో ఇది కొత్త కాదు. కాలిన గాయం చూసిన సోషల్ వర్కర్ రిపోర్టు చేయాల్సిందే. సహేతుకమైన అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. విచారణ చేయడం మన పని కూడా కాదు. సంస్కృతి గురించి ఆ రిపోర్టులో చెప్పొచ్చు, కానీ ఆ కారణంతో రిపోర్టు మానకూడదు.

ఇక మన చిన్న సమాజాల తలనొప్పి. టెక్సస్ ఫ్రిస్కోలోనో న్యూజెర్సీ ఎడిసన్‌లోనో మీ క్లయింట్ బతుకమ్మ దగ్గర ఎదురుపడతారు. వాళ్ల అబ్బాయి, మీ అబ్బాయి ఒకే కూచిపూడి క్లాసు. ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ, అంటే అమెరికా సోషల్ వర్కర్ల జాతీయ సంఘం, దాని నీతి నియమావళి ఇలాంటి రెండు రకాల సంబంధాలు తప్పించుకోలేనప్పుడు హద్దులు గీసే బాధ్యత సోషల్ వర్కర్‌దే అంటుంది, క్లయింట్‌ది కాదు. బయట కలిస్తే ఎలా ఉండాలో సెషన్‌లోనే ముందు మాట్లాడుకోవాలి. పలకరించాలా వద్దా అన్నది వాళ్లకు వదిలేయాలి. దసరాకు మిఠాయి డబ్బా తెస్తే? మొహం మీద కాదనకూడదు, కిమ్మనకుండా తీసుకోనూ కూడదు. దాని వెనక ఉన్న భావం గురించి క్లయింట్‌తో మాట్లాడే జవాబు కనిపిస్తే దాన్నే పట్టుకోండి.

డీఎస్‌ఎం గడువులకు మాత్రం బట్టీ పనికొస్తుంది. సైకోసిస్ లక్షణాలు, అంటే లేనివి వినిపించడం, కనిపించడం లాంటివి, ఒక రోజు నుంచి నెలలోపు ఉంటే బ్రీఫ్ సైకోటిక్ డిజార్డర్, నెల నుంచి ఆరు నెలల లోపు స్కిజోఫ్రెనిఫార్మ్, ఆరు నెలలు దాటితే స్కిజోఫ్రెనియా. భయంకరమైన ఘటన తర్వాత మూడు రోజుల నుంచి నెల వరకు అక్యూట్ స్ట్రెస్, నెల దాటితే పీటీఎస్‌డీ. మేనియాకు, అంటే మితిమీరిన ఉత్సాహానికి వారం, దాని తేలిక రూపమైన హైపోమేనియాకు నాలుగు రోజులు, మేజర్ డిప్రెషన్‌కు రెండు వారాలు. 2022లో వచ్చిన డీఎస్‌ఎం-5-టీఆర్‌లో ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ చేరింది. పెద్దవాళ్ల విషయంలో మరణం జరిగి కనీసం 12 నెలలు కావాలి. ఇది గుర్తుపెట్టుకోవడం మనకు తేలిక: సంవత్సరీకం దాటాక కూడా దుఃఖం రోజువారీ బతుకును ఆపేస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పరీక్ష అందరికీ ఒకేలా పనిచేయడం లేదు. 2022లో ఏఎస్‌డబ్ల్యూబీయే బయటపెట్టిన లెక్కల ప్రకారం, 2018 నుంచి 2021 మధ్య క్లినికల్ పరీక్షలో మొదటిసారి పాసైనవాళ్లు శ్వేతజాతీయుల్లో 83.9 శాతం, నల్లజాతీయుల్లో 45 శాతం. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల ఫలితాలూ తక్కువే. 2023లో ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ ఈ పరీక్షలను బహిరంగంగానే వ్యతిరేకించింది. ఇది మంచి సోషల్ వర్కర్‌ను ఎంచే పరీక్ష అని నేను నమ్మను. ప్రశ్న రాసినవాళ్లు ఎలా ఆలోచిస్తారో పట్టుకోగలవాళ్లనే ఎంచుతుందని నా అభిప్రాయం. అయినా లైసెన్సు లేకుండా సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోలేం కాబట్టి ఆ ఆలోచన నేర్చుకోక తప్పదు. నేర్చుకున్నంత మాత్రాన మీ మనసు మార్చుకోవాల్సిన పని లేదు.

పుస్తకం విషయం. మార్కెట్లో ఉన్నవాటిలో ఒకటి చాలు, నాలుగు కొని ఏదీ పూర్తిచేయకపోవడం కన్నా అదే నయం. రోజూ కొన్ని ప్రశ్నలు చేసి, తప్పయినవి ఒక నోట్‌బుక్‌లో రాయండి. సరైన జవాబు ఏమిటో కాదు, మీరు ఆ తప్పు ఎందుకు ఎంచుకున్నారో రాయండి: "సలహా ఇచ్చేశాను", "కుటుంబాన్ని పిలిచాను", "అడగకుండానే నిర్ణయించాను". కొన్నాళ్లకు అవే రెండు మూడు వాక్యాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మీరు చదవాల్సింది వాటి గురించే. ఏఎస్‌డబ్ల్యూబీ స్వయంగా అమ్మే ప్రాక్టీస్ టెస్ట్‌ను మొదట్లోనే వాడేయకుండా చివరి వారాలకు దాచుకోండి. 170 ప్రశ్నల నమూనాలో ఒక్కో ప్రశ్నకు దాదాపు 85 సెకన్లు, కాబట్టి గడియారం పెట్టుకుని చేయండి.

ఇంకొకటి. ఇంగ్లిష్ మన మాతృభాష కాదు కాబట్టి, కొన్ని రాష్ట్రాల్లో బోర్డు అనుమతితో అదనపు సమయం అడిగే వీలుంది. అడగడానికి మొహమాటపడేవాళ్లు మనలో ఎక్కువ, నాకు తెలుసు. తేదీ బుక్ చేసుకోకముందే మీ బోర్డుకు ఈమెయిల్ పెట్టి, ఆ వీలుందా, ఏ కాగితాలు కావాలి అని అడగండి.