గోదావరి ఒండ్రు ఎక్కడ ఆగిపోయింది?

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. జులై 26 మడ అడవుల దినోత్సవం కనుక ఆ చెట్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చెట్ల దగ్గరికి తప్పక వస్తాను గాని, ముందు అవి వేరూనిన బురద గురించి చెప్పాలి. ఈ బల్లమీద రెండు గాజు గ్లాసులున్నాయి. ఒకదానిలో కుళాయి నీరు, రెండోదానిలో ఈ ఉదయం తెచ్చిన సముద్రపు నీరు. రెండింటిలోనూ గోదావరి పాయ ఒడ్డున తీసిన ఒండ్రుమట్టిని చెరో చెంచా వేసి కలుపుతున్నాను. వాటిని కదపకుండా ఉంచుదాం.

మా నాన్నగారు కోరంగి వైపు పాయల్లో నావ నడిపేవారు. గెడ దించి, అది దిగిన తీరునుబట్టి అడుగున ఏముందో చెప్పేవారు. ఇసుకైతే గెడ ఠక్కున ఆగుతుంది, పాత అడుసైతే పట్టుకుని వదలదు, నిన్నటి పోటుకు చేరిన కొత్త బురదైతే మూరెడు దిగినా చేతికి తెలియదు. ఒకే పాయలో ఈ గట్టు కోసిందని, ఆ గట్టున మేట వేసిందని ఒకే పూట చెప్పేవారు. కోత, మేట వేరువేరు సంగతులు కావని నాకు మొదట తెలిసింది ఆ నావలోనే.

కాకినాడ తీరమంతా ఆ పాయ వంటిదే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 నాటి తుపాను ఉప్పెనకు దెబ్బతిన్నది. ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు దానికి సముద్రాన్నే దూరం చేసింది. గోదావరి గౌతమి పాయ మొగ నుంచి ఉత్తరానికి కొట్టుకొచ్చిన ఇసుక సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండుగా నిలిచింది. దాని చాటున అలలు తగ్గిన అఖాతంలో బురద చేరుతోంది, మడ పెరుగుతోంది. అక్కడికి కాస్త ఉత్తరాన ఉప్పాడలో మాత్రం ఇళ్లు, కొబ్బరిచెట్లు సముద్రంలో కలిసిపోతున్నాయి, తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు తెగిపోతోంది.

బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కూడా ఉండదు. మంచినీటిలో ఈ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పునీరు తగలగానే ఆ నెట్టుడు తగ్గి, ఒకదానికొకటి అంటుకుని, దూదిపింజల్లా ముద్దకట్టి అడుగుకు చేరతాయి. పోటు ఆగి పాటు మొదలయ్యే ఆ కొద్దిసేపు నిలకడలోనే పలుచని పొర పడుతుంది. తెల్లమడ వేళ్లు నేలలోంచి మేకుల్లా పైకి లేచి నీటి వేగాన్ని తగ్గిస్తాయి కనుక, మరుసటి పోటు ఆ పొరను ఎత్తుకుపోలేదు. అయితే ఏరు మట్టి తేకపోతే మడ మాత్రం దేన్ని పట్టుకుంటుంది?

ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ల క్రితం ఒక పల్లెలో తీరరక్షణ గోడ గురించి సమావేశం జరిగితే, ఇలాగే రెండు గ్లాసులు పట్టుకుని వెళ్లాను. “మాస్టారూ, బురదకు ఎస్టిమేటు ఉండదు, గోడ ఎంత పొడవు కావాలో చెప్పండి” అన్నారు అక్కడి అధికారి. గ్లాసులు బల్లమీద పెట్టనివ్వలేదు. ఆ గోడకు పోసిన రాళ్లు రెండు వర్షాకాలాల్లో అడుసులోకి కుంగిపోయాయి. నాకు జరిగిన అవమానం చిన్నది, ఆ పల్లె కోల్పోయిన నేల చిన్నది కాదు.

ఆ రోజు నేను అడగదలచుకున్న ప్రశ్న ఇవాళ మీ ముందు పెడుతున్నాను. 1970 దశకంలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేదని, 2000-2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. కృష్ణలో 1966-69 నాటి 90 లక్షల టన్నులు 4 లక్షలకు దిగిపోయాయి. 1965 నుంచి 2008 వరకు, 336 కిలోమీటర్ల ఈ జంట డెల్టాల తీరంలో, మేట వేసిన నేలను మినహాయించగా, 76 చదరపు కిలోమీటర్లు కోతకు పోయాయి. డెల్టాకు చేరని ఆ ఒండ్రు ఎగువ జలాశయాల అడుగున కూర్చుంది. ధవళేశ్వరం కాలువ నీటితో పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణి, ప్రాజెక్టులు వద్దనేంత కృతఘ్నుణ్ణి కాను. కానీ అయ్యా, నీటిని టీఎంసీల్లో పంచుకుంటున్నప్పుడు ఒండ్రుకు కూడా ఒక వాటా రాయమని ఎవరైనా అడిగారా? రేపు పోలవరం నిండితే మిగిలిన ఒండ్రులో ఎంత దిగువకు వస్తుందని మీరు అడగరా? తీరాన గోడకు అర్జీ పెట్టే ప్రతి పల్లె, ఆ అర్జీలోనే ఈ ప్రశ్న కూడా రాయాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇప్పుడు గ్లాసులు చూడండి. కుళాయి నీరు ఇంకా ఎర్రగానే ఉంది, సముద్రపు నీరు పైన తేటపడింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ, స్కేలు తీసుకుని ఒకసారి వేదిక మీదికి రామ్మా. ఈ రెండో గ్లాసు అడుగున పొర ఎంత మందం చేరిందో కొలిచి అందరికీ వినిపించేలా చెప్పు.