గంజాయికి లైసెన్సు ఎందుకు ఇవ్వకూడదు?

శ్రోతలకు నమస్కారం.

మద్యం కంటే గంజాయే నయమని, అమెరికాలో దుకాణాల్లోనే అమ్ముతున్నారని, ఇక్కడా చట్టబద్ధం చేస్తే తప్పేమిటని అడిగేవాళ్లు మన మధ్యా ఉన్నారు. ఆ దుకాణాల్లో అమ్ముతున్నదేమిటో ముందు చూద్దాం.

గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. 1995 ప్రాంతంలో అమెరికా అధికారులు పట్టుకున్న సరుకులో అది సగటున 4 శాతం. 2014కల్లా 12 శాతమైంది. ఇప్పుడు కొలరాడో లాంటి రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాలు అమ్మే సారంలో, అంటే మైనంలా, నూనెలా తీసినదానిలో, 60 శాతం దాటుతోంది. చట్టం వచ్చాక బలం తగ్గలేదు. రోజూ వాడేవాళ్లే ఈ వ్యాపారానికి ఆధారం, వాళ్లకు నానాటికీ ఘాటైనదే కావాలి.

ఈ ఘాటు మనసు మీద చేసే పని తీవ్రమైనది. 10 శాతం, అంతకు మించి టీహెచ్‌సీ ఉన్న గంజాయిని రోజూ వాడేవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం, ఎన్నడూ వాడనివాళ్లతో పోలిస్తే దాదాపు 5 రెట్లని 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అంటే లేని గొంతులు వినిపించడం, అందరూ తనపై కుట్ర చేస్తున్నారని వణికిపోవడం. గంజాయి ఒక్కటే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు, నిజమే. కానీ మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది. వాడినవాళ్లందరినీ కలిపి చూస్తే సుమారు 9 శాతం మంది బానిసలైతే, పదిహేను, పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు అవుతారని అంచనా. ఇంకొందరు ఏళ్ల తరబడి వాడి ఆగని వాంతులతో ఆసుపత్రిలో చేరుతున్నారు. వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు ఉపశమనం కలగడం ఆ జబ్బు గుర్తు.

తినే గంజాయిది ఇంకో ప్రమాదం. పొగ పీలిస్తే నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. చాక్లెట్‌గానో బిస్కెట్‌గానో తింటే పేగుల్లోంచి కాలేయానికి వెళ్లి, అక్కడ మరింత బలమైన రూపంలోకి మారి, అరగంట నుంచి రెండు గంటల తర్వాత ఎక్కుతుంది. ఆలోగా ‘ఏమీ కాలేదే’ అని మళ్లీ తింటారు. 2014 మార్చిలో కొలరాడోలో జరిగింది ఇదే. స్నేహితుడు లైసెన్సు దుకాణంలో కొన్న బిస్కెట్‌ను ఓ 19 ఏళ్ల విద్యార్థి తిన్నాడు. అందులో 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంది, ఒక్కసారికి తినాల్సింది 10. ముందు ఒక్క ముక్కే తిన్నాడు, దుకాణంలో చెప్పిందీ అంతే. గంటలోపు ఏమీ అనిపించక మిగతాదంతా తినేశాడు. రెండున్నర గంటల తర్వాత నాలుగో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. లైసెన్సు, లేబుల్, హెచ్చరిక, అన్నీ ఉన్నా ఆ ప్రాణం దక్కలేదు. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం 10 మిల్లీగ్రాముల మోతాదులను విడివిడిగా చూపాలని నిబంధన తెచ్చింది.

పసిపిల్లలకు లేబుల్ చదవడం రాదు. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు తినే గంజాయిని మింగిన కేసులు 2017లో 207 నమోదైతే, 2021లో 3,054. హైదరాబాద్ పరిసరాల్లో పాన్ డబ్బాల్లో గంజాయి చాక్లెట్లు పట్టుబడిన వార్తలు మీరూ విన్నారు. పిల్లలు అకారణంగా మగతగా తూలుతుంటే, లేపినా లేవకపోతే, వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. 108కి ఫోన్ చేసి, తిన్నదాని రేపర్‌ను వెంట తీసుకెళ్లి, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక రోడ్డు. మద్యం తాగినవాణ్ని పట్టుకోవడానికి మనకు గొట్టంలో ఊదించే యంత్రం ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. గంజాయికి అలాంటి నమ్మకమైన కొలత లేదు. మద్యం నీటిలో కలుస్తుంది కాబట్టి రక్తంలోని లెక్క మత్తు స్థాయిని చెబుతుంది. టీహెచ్‌సీ కొవ్వులో చేరుతుంది. మత్తు దిగకముందే రక్తంలో తగ్గిపోతుంది, రోజూ వాడేవాడిలో మాత్రం మత్తు దిగాకా మిగులుతుంది. మూత్ర పరీక్ష వాడాడో లేదో చెబుతుంది గానీ, బండి నడిపేటప్పుడు మత్తులో ఉన్నాడో లేదో చెప్పలేదు. కొలరాడో ఒక మిల్లీలీటరు రక్తంలో 5 నానోగ్రాముల టీహెచ్‌సీ అని హద్దు పెట్టుకున్నా ఈ చిక్కు తీరలేదు. కొలవలేని మత్తును అనుమతించి, లారీలూ బైకులూ ఆటోలూ కలిసి నడిచే మన రోడ్ల మీదికి వదలడం ప్రాణాలతో చెలగాటం.

లైసెన్సు ఇస్తే దొంగ సరుకు పోతుందన్నది గట్టి వాదనే. కానీ కాలిఫోర్నియాలో పన్నులు కట్టని అక్రమ విక్రయాలు నేటికీ సాగుతున్నాయి. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేసింది, నియంత్రణ చట్టం మాత్రం తేలేకపోయింది. వీధివీధినా దుకాణాలు వెలిశాయి. మూడేళ్లకే, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సామానులో హైడ్రోపోనిక్ గంజాయి, అంటే మట్టి లేకుండా నీటిలో పెంచినది, శంషాబాద్‌లో పదేపదే పట్టుబడింది.

వాడిన కుర్రాణ్ని జైల్లో పెట్టి ఏం లాభమని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. అందుకు అమ్మకాలు తెరవక్కర్లేదు. మత్తుపదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వ్యసనపరుడు వాడకం లేదా చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులో తానే చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. ఈ వెసులుబాటు చాలా కుటుంబాలకు తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా ఈ అలవాటులో ఉంటే, వ్యసన విముక్తికి సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.