గంజాయిపై అమెరికా అభ్యర్థులు ఏమంటారు, ఏం చేస్తారు

[తెరపై: ఫ్లోరిడా పటం. దాని పక్కన రెండు అంకెలు: 56 శాతం, 56 శాతం]

2024 నవంబరు 5న ఫ్లోరిడా ఓటర్లు ఒకే బ్యాలెట్‌పై రెండు తీర్పులు ఇచ్చారు. డొనాల్డ్ ట్రంప్‌కు దాదాపు 56 శాతం ఓట్లు పడ్డాయి, ఆయన ఘనంగా గెలిచారు. పెద్దలు గంజాయి వాడుకోవడాన్ని చట్టబద్ధం చేసే మూడో సవరణకూ దాదాపు 56 శాతం ఓట్లే పడ్డాయి, అది ఓడిపోయింది. ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలంటే 60 శాతం కావాలి మరి.

అసలు విచిత్రం అంకెల్లో లేదు. ఆ సవరణకు ఓటేస్తానని ట్రంప్ సెప్టెంబరులోనే ప్రకటించారు. దాన్ని ఓడించడానికి కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది ఆయన పార్టీ గవర్నరే, రాన్ డిసాంటిస్. ఇది నెగ్గితే వీధులన్నీ గంజాయి కంపు కొడతాయని ఆయన వాదన. అటువైపు డెమొక్రాట్ల అభ్యర్థి కమలా హారిస్ దేశమంతటా చట్టబద్ధం చేస్తానని అక్టోబరులో హామీ ఇచ్చారు. అంటే ఎన్నికల రోజుకు రెండు పార్టీల అధ్యక్ష అభ్యర్థులూ ఎంతో కొంత సానుకూలంగానే ఉన్నారు. ఫెడరల్ చట్టం, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం, మాత్రం 1970లో గంజాయిని ఏ వరుసలో కూర్చోబెట్టిందో అప్పటికీ అదే వరుసలో ఉంచింది.

ఏజెన్సీలో పోలీసులు పట్టుకున్న గంజాయి మూటల ఫోటోలు చూసే మనకు ఇదంతా వింతగా ఉంటుంది. మన ఎన్నికల్లో గంజాయి ఊసు వస్తే అరికడతామనే మాటే వినిపిస్తుంది. అక్కడ అరికట్టడం గురించి కాదు, ఎంతవరకు వదిలేయాలన్న దాని గురించి తగవు.

[తెరపై: షెడ్యూళ్ల నిచ్చెన. పై మెట్టు మీద హెరాయిన్, గంజాయి]

ముందు చట్టం సంగతి. 1970లో నిక్సన్ సంతకం చేసిన మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం మందులను ఐదు షెడ్యూళ్లుగా విడదీసింది. ఒకటో షెడ్యూల్ అంటే వైద్యానికి పనికిరానివి, దుర్వినియోగానికి బాగా అవకాశం ఉన్నవి. గంజాయిని హెరాయిన్ పక్కన అందులో పెట్టారు. కొకైన్ రెండో షెడ్యూల్‌లో ఉంది! ఈ వరుస చూసి తల గోక్కోని వైద్యులు తక్కువే ఉంటారు.

రాష్ట్రాలు దీన్ని పక్కనబెట్టి తమ దారిన తాము నడిచాయి. 1996లో కాలిఫోర్నియా వైద్య వినియోగానికి అనుమతించింది. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు పెద్దలందరికీ అనుమతించాయి. 2023 నవంబరులో ఒహాయో చేరడంతో అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి. గ్యాలప్ సంస్థ జనాభిప్రాయ సర్వేలో చట్టబద్ధతను సమర్థించినవారు 1969లో 12 శాతం, 2023లో 70 శాతం. ఇంత గాలి తిరిగాక ఏ రాజకీయ నాయకుడు మాత్రం గట్టిగా కాదనగలడు? అందుకే అవును అంటారు. ఎంతవరకు అవును అన్నదే తేల్చుకోవాలి.

[తెరపై: కమలా హారిస్ చిత్రాలు, కింద సంవత్సరాలు: 2010, 2014, 2018, 2020, 2024]

ఈ కథ బాగా అర్థం కావాలంటే హారిస్ ప్రయాణం చూడాలి. 2010లో ఆమె శాన్ ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే నేర కేసులు నడిపే జిల్లా ప్రాసిక్యూటర్. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) పదవికి పోటీలో ఉన్నారు. ఆ ఏడాది చట్టబద్ధత కోసం వచ్చిన 19వ ప్రతిపాదనను వ్యతిరేకించారు. 2014లో ఆమెపై పోటీ చేసిన రిపబ్లికన్ చట్టబద్ధం చేయాలన్నారు. ఆ విషయం విలేకరి అడిగితే ఆమె నవ్వేశారు. 2018 నాటికి సెనేటర్‌గా, ఫెడరల్ నిషేధాన్నే ఎత్తేయాలన్న తోటి డెమొక్రాట్ సెనేటర్ కోరీ బుకర్ బిల్లుకు మద్దతిచ్చారు. 2019లో తానూ ఒకప్పుడు గంజాయి తాగానని రేడియోలో చెప్పి, తన కుటుంబంలో సగం జమైకా వాళ్లే కదా అని చమత్కరించారు. అది జమైకాలో పుట్టిన ఆమె తండ్రికి నచ్చలేదు, బహిరంగంగానే కోప్పడ్డారు.

అదే ఏడాది జులైలో, అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడుతున్న డెమొక్రాట్ల మధ్య జరిగిన చర్చలో, పోటీదారుల్లో ఒకరైన తులసీ గబ్బార్డ్ హారిస్ పాత లెక్కలు తీశారు. గంజాయి కేసుల్లో 1,500 మందికి పైగా జైలుకు పంపి, మీరు తాగారా అంటే నవ్వారని నిలదీశారు. నిజానికి కాలిఫోర్నియాలో అలాంటి కేసులు ఎక్కువగా పెట్టేది జిల్లా ప్రాసిక్యూటర్లు, అటార్నీ జనరల్ కాదు. కానీ చర్చా వేదిక మీద అంత వివరణకు సమయం ఎక్కడిది? దెబ్బ తగలాల్సిన చోట తగిలింది.

అదే పోటీలో ఉన్న జో బైడెన్ మరో రకం. 2019 నవంబరులో, గంజాయి ఇతర మత్తులకు దారి తీస్తుందో లేదో తేల్చే ఆధారాలు ఇంకా చాలవన్నారు. ఆ మాట అన్నప్పుడు మీరు మత్తులో ఉన్నారేమో అనుకున్నానని అట్లాంటా చర్చలో బుకర్ చురక వేశారు. మరో పోటీదారు బెర్నీ శాండర్స్ అయితే అధికారంలోకి వచ్చిన 100 రోజుల్లోపే కార్యనిర్వాహక ఉత్తర్వుతో చట్టబద్ధం చేస్తానన్నారు. బైడెన్ పట్టు వేరు: కొద్దిపాటి గంజాయి దగ్గర ఉంటే జైలు వద్దు, అమ్మకానికి మాత్రం దేశవ్యాప్త అనుమతి లేదు. హారిస్ ఆయన జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడగానే ఆ మెట్టుకే దిగివచ్చారు. 2020 అక్టోబరులో ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో నేర జాబితా నుంచి తీసేస్తాం, పాత రికార్డులు చెరిపేస్తాం అన్నారే తప్ప చట్టబద్ధం చేస్తామని అనలేదు. నాలుగేళ్ల తర్వాత తానే అభ్యర్థి అయ్యాక మళ్లీ పై మెట్టెక్కారు. ఇందులో నమ్మకం ఎంత, అవసరం ఎంత అన్నది మీరే అంచనా వేసుకోండి. నాకైతే పోటీ చేసే పదవి మారినప్పుడల్లా వైఖరీ మారినట్టు కనిపిస్తోంది.

[తెరపై: 2018 జనవరి, 2022 అక్టోబరు, 2025 డిసెంబరు]

ట్రంప్ మొదటి నుంచీ ఎక్కువగా చెప్పింది రాష్ట్రాలకే వదిలేద్దామని. కానీ ఆయన అటార్నీ జనరల్ (ఫెడరల్ న్యాయ శాఖ అధిపతి) జెఫ్ సెషన్స్ 2018 జనవరిలో, రాష్ట్రాల జోలికి వెళ్లవద్దన్న ఒబామా కాలపు ఆదేశాన్ని రద్దు చేశారు. కొలరాడో రిపబ్లికన్ సెనేటర్ కోరీ గార్డ్‌నర్ దానికి మండిపడి న్యాయ శాఖ నియామకాలకు అడ్డుపడితే, ఏప్రిల్‌లో ట్రంప్ ఆయనకు భరోసా ఇచ్చి సర్దుబాటు చేసుకున్నారు. అభ్యర్థి మాట ఒకటి, ఆయన ఎంచుకున్న మంత్రి చేత మరొకటి.

అధ్యక్షుడి చేతిలో ఉన్నవి మూడే పనిముట్లు: క్షమాభిక్ష, షెడ్యూల్ మార్పు ప్రక్రియను మొదలుపెట్టడం, కేసులు పెట్టవద్దని చెప్పడం. బైడెన్ 2022 అక్టోబరులో, సరిగ్గా అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో కాంగ్రెస్‌కు జరిగే ఎన్నికలకు నెల ముందు, కేవలం గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడినవారికి క్షమాభిక్ష పెట్టారు. సుమారు 6,500 మందికి వర్తించింది. వినడానికి పెద్ద నిర్ణయమే. కానీ ఆ ఒక్క నేరానికే ఫెడరల్ జైల్లో ఉన్నవాళ్లు అప్పటికి ఎవరూ లేరని అధికారులే చెప్పారు. తర్వాత గంజాయిని, వైద్యానికి పనికొచ్చే మందులుండే మూడో షెడ్యూల్‌కు మార్చే ప్రతిపాదన 2024 మేలో వచ్చింది. దాన్ని త్వరగా ముగించమని 2025 డిసెంబరులో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు.

మూడో షెడ్యూల్‌కు వస్తే ముందుగా లాభపడేది కంపెనీలు. ఒకటి, రెండు షెడ్యూళ్లలోని సరుకు అమ్మేవారు అద్దె, జీతాల వంటి ఖర్చులను పన్ను లెక్కల్లో తీసివేసుకోలేరు. ఆ భారం తొలగిపోతుంది. దుకాణాలు దేశమంతటా చట్టబద్ధం అయిపోవు. అందుకే ఒక అభ్యర్థి షెడ్యూల్ మారుస్తాననడం, మరొకరు నిషేధం ఎత్తేస్తాననడం ఒకే గాటన కట్టదగ్గవి కావు.

[తెరపై: వీసా ముద్ర, విమానాశ్రయం]

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ తేడాయే ముఖ్యం. హెచ్1బి, విద్యార్థి వీసా, గ్రీన్ కార్డు వ్యవహారాలన్నీ ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి. కొలరాడోలోనో కాలిఫోర్నియాలోనో దుకాణంలో బిల్లు కట్టి కొన్నా, పౌరులు కానివాళ్లు ఆ విషయం ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే దేశంలోకి తిరిగి రానివ్వకపోవచ్చు. వైద్యుడు ఇచ్చిన కార్డు కూడా కాపాడదు. గంజాయి కంపెనీలో ఉద్యోగం చేసినా పౌరసత్వ దరఖాస్తుకు ఇబ్బంది రావచ్చని 2019లో ఇమ్మిగ్రేషన్ శాఖ తన విధానంలో రాసింది. బైడెన్ క్షమాభిక్ష కూడా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికే. వీసా మీద ఉన్నవారికి లేదు.

మూడో షెడ్యూల్‌లోకి వచ్చినా గంజాయి నియంత్రిత పదార్థమే కనుక ఈ ముప్పు తొలగదు. షెడ్యూళ్ల జాబితా నుంచి పూర్తిగా తీసేస్తేనే తొలగుతుంది. హారిస్ సెనేట్‌లో, డెమొక్రాట్ సభ్యుడు జెరాల్డ్ నాడ్లర్ ప్రతినిధుల సభలో 2019లో ప్రవేశపెట్టిన బిల్లు సరిగ్గా అదే కోరింది. గంజాయి కారణంగా వలసదారులకు ఇమ్మిగ్రేషన్ ప్రయోజనాలు నిరాకరించకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. ప్రతినిధుల సభ దాన్ని 2020లో ఒకసారి, 2022లో మరోసారి ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్‌లో ఓటింగ్ దాకా రాలేదు.