పెళ్లిదండలోని పూలను విశాఖ చెమ్మ గాలిలోనూ భద్రపరచుకోవడం

నమస్కారం. పెళ్లిదండలోని పూలను గాని, చర్చిలో జరిగే పెళ్లిలో వధువు చేత పట్టుకునే పూలగుత్తిని గాని ఏళ్ల తరబడి నిలిచేలా ఎండబెట్టి, అద్దపు ఫ్రేములోనో, పోశాక గాజులా గట్టిపడే రెసిన్ అనే ద్రవంతో చేసిన దిమ్మెలోనో భద్రపరిచే పద్ధతిని ఈ వీడియోలో మొదటి నుంచి చివరి వరకు చేసి చూపిస్తాను. నేను ఉండేది విశాఖపట్నంలో కాబట్టి ఇక్కడి గాలికి తగినట్టుగానే చెబుతాను. పొడి గాలి వీచే ఊళ్లలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు ఎండిపోయే గులాబీ, మన ఊళ్లో అదే విధంగా వేలాడదీస్తే ఎండడానికి ముందే బూజు పడుతుంది.

ఇది నాకు నష్టపోయాక తెలిసిన విషయం. మా అక్క పెళ్లి శ్రావణ మాసంలో జరిగింది. దండ పాడు కాకూడదని నేనే దాన్ని తీసుకువెళ్లి, సముద్రం వైపు తెరుచుకునే బాల్కనీలో మేకుకు తగిలించాను. పది రోజుల తరువాత చూస్తే లిల్లీపూలు నల్లబడి, గులాబీల మధ్య తెల్లని బూజు అల్లుకుపోయి ఉంది. ఆ దండలో ఈనాటికి మిగిలినవి, మా అమ్మ పంచాంగం పేజీల మధ్య పెట్టి మరిచిపోయిన ఏడు గులాబీ రేకులు మాత్రమే. కాగితం వాటిలోని నీటిని పీల్చుకోవడం వల్ల, రేకులు పలుచగా ఉండడం వల్ల అవి బతికిపోయాయి. పూలను దాచడమంటే వాటిలోని నీటిని, అవి కుళ్లడం మొదలుకాకముందే, బయటకు లాగేయడమని ఆ ఏడు రేకులను చూసినప్పుడే నాకు అర్థమైంది.

అందుకని మొదటి జాగ్రత్త సమయం విషయంలోనే తీసుకోవాలి. పూలకొట్టు వాళ్లు దండ వాడిపోకుండా నీళ్లు చల్లుతూనే ఉంటారు, పైగా పెళ్లి తంతు ముగిసేసరికి ఆ దండ గంటల తరబడి మెడలో నలిగి ఉంటుంది. మండపం నుంచి ఇంటికి రాగానే దండను విడదీయండి. పూలను దారం నుంచి లాగితే తొడిమ దగ్గర రేకులు ఊడిపోతాయి కాబట్టి, కత్తెరతో దారాన్నే ముక్కలుగా కత్తిరించి పూలను ఒక్కొక్కటిగా జార్చాలి. వాటిని పాత వార్తాపత్రిక మీద పరిచి, పైన చల్లిన నీరు ఆరేవరకు, సుమారు రెండు గంటలు, ఫ్యాను కింద ఉంచండి. ఆ రాత్రి అంత ఓపిక లేకపోతే పూలను కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయలు ఉంచే అరలో ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టవద్దు, ఎందుకంటే రేకుల్లోని నీరు గడ్డకట్టి కణాలను చీల్చివేస్తుంది, బయటకు తీయగానే పువ్వు మెత్తబడి నల్లగా మారుతుంది.

వాడిన పూలు ఇంట్లో ఉండకూడదని పెద్దలు అనడం చాలా ఇళ్లలో ఉంది, ఆ మాటను నేను తేలికగా తీసుకోను. దండ మొత్తాన్ని దాచవలసిన అవసరమే లేదు. పది పదిహేను మంచి పూలను ఎంచుకొని, మిగిలిన వాటిని వారు చెప్పినట్టే పచ్చని చెట్టు మొదట్లో వదలండి.

ఏ పూలు నిలుస్తాయో చెబుతాను. బంతి, పసుపు చామంతి తమ రంగును చాలావరకు నిలుపుకుంటాయి. ఎర్ర గులాబీ ఎండేకొద్దీ ముదురు రంగుకు తిరిగి, దాదాపు నలుపు కలిసిన ఎరుపుగా మారుతుంది, కాబట్టి లేత గులాబీ రంగు పూలు ఉంటే వాటినే ముందుగా తీసుకోండి. తెల్ల పూలన్నీ మీగడ రంగుకు వస్తాయి. మల్లెలను ఎంత శ్రద్ధగా ఎండబెట్టినా గోధుమ రంగుకు తిరుగుతాయి, సువాసన కూడా పోతుంది, సింహాచలం సంపెంగల సంగతీ అంతే. దండలో మరువం ఉంటే దాన్ని పారేయకండి. నీడలో ఎండబెట్టి చిన్న గుడ్డ సంచిలో కడితే ఆ వాసన చాలాకాలం నిలుస్తుంది.

ఇప్పుడు ఎండబెట్టడానికి వద్దాం. దీనికి కావలసింది చెమ్మను పీల్చుకునే గింజలైన సిలికా జెల్, అది కూడా చక్కెర పలుకుల్లా సన్నగా ఉండేది. కొత్త బ్యాగుల్లో, చెప్పుల డబ్బాల్లో వచ్చే పెద్ద గింజలు రేకుల మీద గుంటలు పడేలా చేస్తాయి. రంగు మారే గింజలు కలిసిన జెల్ కొంటే, చెమ్మ పట్టగానే రంగును బట్టి తెలుస్తుంది. వాటిలో నీలం రంగు దానిలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది, అందుకే నేను నారింజ రంగుదే వాడతాను. జెల్ ఖరీదు ఎక్కువనిపించి బీచ్ ఇసుక తెచ్చుకుందామని అనుకునేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని చెమ్మను తనవైపు లాక్కుంటుంది కనుక పువ్వు ఎండడానికి బదులు తడిగా మిగిలిపోతుంది.

ఇదిగో, మూత గట్టిగా పట్టే ఈ ప్లాస్టిక్ డబ్బా అడుగున ఒక అంగుళం మందాన జెల్ పోశాను. గులాబీ కాడను రెండు సెంటీమీటర్లు మాత్రమే ఉంచి కత్తిరించి, పువ్వును నిటారుగా గుచ్చుతున్నాను. ఇప్పుడు చెంచాతో జెల్‌ను పువ్వు మీద కాకుండా చుట్టూ పోస్తున్నాను చూడండి. బయటి రేకులకు కింద నుంచి ఆనిక దొరికిన తరువాతే, లోపలి రేకుల మధ్యకు కొద్దికొద్దిగా జార్చాలి. పైనుంచి ఒక్కసారిగా కుమ్మరిస్తే పువ్వు అణిగిపోతుంది, ఎండిన తరువాత ఆ ఆకారాన్ని సరిచేయడం సాధ్యం కాదు. ఈ పనిలో సన్నని ధూళి లేస్తుంది, కాబట్టి ముక్కుకు మాస్కు కట్టుకోండి. పువ్వు పూర్తిగా మునిగాక మూత పెట్టి, అంచు చుట్టూ టేపు అంటించి, డబ్బా మీద తేదీ రాయండి. చిన్న చామంతులకు మూడు నాలుగు రోజులు, గులాబీకి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. రేకులు కాగితంలా గలగలమన్నా సరే, వాటి కింద ఉండే గుండ్రని ఆకుపచ్చ భాగాన్ని వేలితో నొక్కి చూడండి. అది మెత్తగా ఉంటే పువ్వు ఇంకా ఎండలేదని అర్థం, మరో రెండు రోజులు ఉంచాలి.

ఎండిన పువ్వును బయటకు తీశాక మెత్తని బ్రష్‌తో ధూళి తుడిచి, రేకులు రాలకుండా అడుగున ఒక చుక్క ఫెవికాల్ పెట్టండి. అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే మొదలవుతుంది. మన ఊరి గాలిలో తెరిచి ఉంచితే ఎండిన గులాబీ మళ్లీ చెమ్మ పీల్చుకొని కొన్ని గంటల్లోనే వాలిపోతుంది. ఫ్రేములో గాని రెసిన్‌లో గాని పెట్టే క్షణం వరకు దాన్ని జెల్ పొట్లంతో పాటు మూత పెట్టిన డబ్బాలోనే ఉంచండి.

రేకులను మాత్రమే దాచుకోవాలనుకునేవారికి మా అమ్మ పద్ధతే మంచిది. రేకులను వార్తాపత్రికల మధ్య ఒకదానిపై ఒకటి పడకుండా పరిచి, పైన బరువు పెట్టి, మొదటి నాలుగు రోజులు ప్రతిరోజూ కాగితం మార్చండి. రెండు మూడు వారాల్లో అద్దం కింద అమర్చుకోవచ్చు.

ఇక రెసిన్. నేను వాడేది రెండు సీసాలుగా వచ్చే ఎపాక్సీ అనే రకం. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఏ పాళ్లలో కలపాలో సీసా మీద రాసి ఉంటుంది, అందులో ఊహకు చోటు లేదు, కొలతపాత్రతోనే కొలవాలి. చేతులకు గ్లవ్స్ వేసుకొని, కిటికీలు ఉన్న గదిలో, బుడగలు రాకుండా నిదానంగా మూడు నుంచి ఐదు నిమిషాలు కలపండి. వాన పడుతున్న రోజున ఈ పని మొదలుపెట్టకండి, గాలిలో చెమ్మ ఎక్కువగా ఉంటే గట్టిపడిన రెసిన్ పైన మైనం పూసినట్టు మసక పొర ఏర్పడుతుంది. సిలికాన్ అచ్చులో ముందు పలుచని పొర పోసి, అది కాస్త చిక్కబడ్డాక పువ్వును తలకిందులుగా ఉంచి, పై పొరలు ఒక్కొక్కటిగా పోయాలి. అంతా ఒకేసారి పోస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి రేకుల రంగు చెడిపోతుంది, లోపలి గాలి బుడగలై అక్కడే నిలిచిపోతుంది.

నేను ప్రతి దిమ్మెలోనూ పువ్వు పక్కన నాలుగు తలంబ్రాల గింజలు వేస్తాను. అవి పసుపు తడితో కలిపిన బియ్యం కాబట్టి, వాటిని కూడా రెండు రోజులు జెల్‌లో ఆరబెట్టాకే వేయాలి. పసుపు రంగు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది, ఎపాక్సీ కూడా ఎండకు పసుపు రంగుకు తిరుగుతుంది, అందువల్ల ఈ దిమ్మెను కిటికీ పక్కన కాకుండా లోపలి గోడ అలమరలో ఉంచండి.

అచ్చును కదపకుండా 72 గంటలు వదిలేస్తున్నాను. ఈలోగా వాడిన జెల్‌ను ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటన్నర వేడిచేసి, చల్లారాక సీసాలో మూత బిగించి పెడితే మళ్లీ వాడుకోవచ్చు. అందుకు వాడిన పళ్లాన్ని మాత్రం వంటకు తిరిగి వాడకండి.