బస్సుకీ కారుకీ మధ్య సందు ఎంత?

(విజువల్: సిగ్నల్ దగ్గర ఆగిన సిటీ బస్సు, పక్కన కారు. మధ్యలో టేపు పట్టిన చేతులు.)

వాయిస్: హైదరాబాద్, అమీర్‌పేట. ఎడమ లేన్‌లో బస్సు, కుడి లేన్‌లో చిన్న కారు. మధ్యలో బైక్ దూరేంత సందు ఉన్నట్టే కనిపిస్తుంది. లెక్క వేద్దాం.

లేన్ మూడున్నర మీటర్లు అనుకోండి. బస్సు వెడల్పు 2.6 మీటర్లు, కారు 1.75. రెండూ తమ లేన్‌కి నట్టనడుమ నిలబడితే మధ్యలో మిగిలేది 132 సెంటీమీటర్లు. బస్సు అద్దం ఎత్తులో ఉంటుంది, వదిలేద్దాం. కారు అద్దానికి 20 తీసేస్తే 112. మామూలు బైక్ హ్యాండిల్ 72 ఉంటుంది. అంటే అటు జానెడు, ఇటు జానెడు. వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు, డెలివరీ బ్యాగు, సామాన్ల సంచి అన్నీ ఆ జానెడులోనే సర్దుకోవాలి. లేన్ మూడు మీటర్లే ఉన్న చోట మిగిలేది 62. బైక్ పట్టదు. ఇదంతా బస్సు లేన్ మధ్యలో నడిస్తే సంగతి. అలా నడిచే బస్సు ఎక్కడైనా కనిపిస్తే కామెంట్‌లో చెప్పండి.

(విజువల్: పైనుంచి యానిమేషన్, స్లో మోషన్.)

ఇప్పుడు అసలు విషయం. హ్యాండిల్ కుడి కొస కారు అద్దానికి తగిలింది. ఆ కొస అక్కడ ఆగింది, బండి ముందుకి పోతోంది. దాంతో హ్యాండిల్ కుడికి తిరుగుతుంది. ముందు చక్రం కుడికి జరిగితే బండి, దానిమీద మీరు, ఎడమకి ఒరుగుతారు. ఎడమన ఏముంది? బస్సు వెనక చక్రం. గీత పడేది కారుకి, మనిషి పడేది బస్సు కింద. అప్పుడు బండి 15 కిలోమీటర్ల వేగంలో ఉన్నా జరిగేది ఇదే.

బస్సు కదులుతుంటే ఇంకో లెక్క. ముందు, వెనక చక్రాల మధ్య 6 మీటర్లున్న బస్సు, ముందు చక్రం 10 మీటర్ల వ్యాసార్ధంతో ఎడమకి తిరిగితే, వెనక చక్రం 2 మీటర్లు లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఎడమ సందులో దూరినవాళ్లకి చోటు మిగలదు. కుడివైపు ఉన్నవాళ్ల మీదకి బస్సు తోక విసురుతుంది.

(విజువల్: క్యాబ్ తలుపు తెరుచుకోవడం.)

ఆగిన బళ్ల మధ్య 20 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకి ఐదున్నర మీటర్లు. తలుపు తెరుచుకోవడం చూసి బ్రేక్ పట్టేలోపు సెకనున్నర, ఎనిమిది మీటర్లు, అంటే రెండు కార్ల పొడవు. 125 సీసీ లోపు బళ్లలో చాలావాటికి ఉండేది సీబీఎస్సే, అంటే కంబైన్డ్ బ్రేకింగ్ సిస్టమ్. అది రెండు బ్రేకుల్నీ కలుపుతుంది గానీ, చక్రం లాక్ కాకుండా ఆపదు. వానలో మీరు నడిచేది సరిగ్గా లేన్ గీత మీద. ఆ పెయింట్ మీద ముందు బ్రేక్ గట్టిగా నొక్కితే జారడమే.

కాలిఫోర్నియాలో ఇలా సందులో దూరడం లీగలే కదా అంటారు. నిజమే, 2017 నుంచి చట్టంలో ఉంది. అక్కడి ఫ్రీవే లేన్ 12 అడుగులు, కార్లు గీతల మధ్యే ఉంటాయి. మన దగ్గర చట్టవిరుద్ధంగా ఓవర్‌టేక్ చేస్తే సెక్షన్ 184, ప్రమాదకర డ్రైవింగ్. 2019 సవరణ తర్వాత మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా.

(విజువల్: రైడర్ చేతులు, దగ్గరగా.)

సందులో దూరకపోవడమే మేలు. అయినా దూరేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాం. రెండు పక్కలా బళ్లు పూర్తిగా ఆగి ఉండాలి, రెండూ కార్లే అయి ఉండాలి. బస్సు, లారీ, ట్యాంకర్ ఏ పక్కనున్నా వెనకే ఆగండి. ఫస్ట్ గేర్, మనిషి నడిచే వేగం, రెండు వేళ్లు బ్రేక్ మీద. ఇండికేటర్‌ని నమ్మకండి, కారు ముందు చక్రాన్ని చూడండి. అది మీవైపు మళ్లడం మొదలైతే కారు మీవైపు రాబోతున్నట్టే. ఆటోల పక్కన అసలే వద్దు, జనం ఎటునుంచైనా దిగుతారు.

మధ్యలో ఉండగా గ్రీన్ పడితే? యాక్సిలరేటర్ ఇవ్వకండి. పక్క కారుని ముందుకి పోనిచ్చి, ఇండికేటర్ వేసి, దాని వెనక ఖాళీ అయిన చోట్లోకి జరగండి.