పంప ద్రౌపది, తిక్కన ద్రౌపది, మన చేపల పులుసు

నమస్తే అండీ. ఈ వీడియో చేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. పోయిన ఆదివారం నెల్లూరులో మా పెద్దమ్మ వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. "ఇంతకీ నువ్వు చదివిందేందమ్మా?" అని అడిగింది. తులనాత్మక సాహిత్యంలో పీజీ అన్నాను. "అంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో చెప్పడమేగా! దానికి రెండేళ్లు దేనికి?" అంది. పెద్దమ్మ ప్రేమగానే అడిగింది. కానీ సాహిత్యం చదువుకున్నవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ రోజు మా ముందున్నది చేపల పులుసు. మామిడికాయ ముక్కలు వేసి, ముందురోజు రాత్రే కాచి పెట్టింది. దాంతోనే చెబుతాను. మా పెద్దమ్మ పులుసు బాగుందా, ఒంగోలులో మా అత్త పెట్టే పులుసు బాగుందా అని అడిగితే ఇంట్లో గొడవ తప్ప ఏమీ తేలదు. అదే "ఇందులోకి మిరపకాయ ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. మిరప మన పంట కాదు. అమెరికా ఖండాల్లో పుట్టింది, 1500 తర్వాత పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి చేరింది. అంటే 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో ఉన్న తిక్కన మిరపకాయ రుచే ఎరగడు! ఒక్క ప్రశ్న మారిస్తే గిన్నెలోంచి సముద్రాలు బయటికొచ్చాయి. ఒక రచనలోకి ఇంకో భాష నుంచి ఏం వచ్చింది, ఏ దారిన వచ్చింది అని వెతకడం మా చదువులో ఒక భాగం. దాన్ని ప్రభావ అధ్యయనం అంటాం.

రెండో రకం ప్రశ్న ఉంది. కేరళలో కుడంపులి వేసి చేపల కూర వండుతారు, మనం చింతపండు, మామిడికాయ వేస్తాం. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని చెప్పే ఆధారం లేకపోయినా, చేపకు పులుపు కావాలని ఇద్దరికీ ఎందుకు అనిపించింది? ఇది సాదృశ్యం, అంటే పోలికను వెతకడం. ఫ్రెంచి పండితులు మొదటి ప్రశ్న మీద పట్టుబట్టారు, అమెరికా వాళ్లు రెండో దానికీ తలుపు తీశారు. నన్నడిగితే రెండూ కావాలి.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే.

పదో శతాబ్దంలో పంప కవి కన్నడంలో భారతం రాశాడు. ఎక్కడ? ఇప్పటి తెలంగాణలో ఉన్న వేములవాడ రాజు అరికేసరి ఆస్థానంలో. ఆ పంప తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి! అన్న కావ్యం కన్నడం, తమ్ముడి శాసనంలో తెలుగు. 'తెలుగు సాహిత్యం', 'కన్నడ సాహిత్యం' అని మనం కట్టుకున్న గోడలు ఆ ఇంట్లో లేవు. ఈ సంగతి మొదటిసారి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

పంప తన రాజును అర్జునుడిగా నిలబెట్టి కథ నడిపాడు. అర్జునుడంటే ఎదురుగా కూర్చున్న రాజే. మరి ఆ రాజు భార్యకు ఇంకో నలుగురు భర్తలుంటే ఎలా? అందుకని పంప భారతంలో ద్రౌపది అర్జునుడికి మాత్రమే భార్య. చేప అదే, వండించుకున్న ఇల్లు మారింది.

ఇక మన తిక్కన. నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రి. రాజును పొగడాలంటే ఆయన కంటే దగ్గరివాడెవడు? నిర్వచనోత్తర రామాయణం ఆ రాజుకే అంకితమిచ్చాడు కూడా. కానీ భారతం దగ్గరికొచ్చేసరికి దేవుడికి, హరిహరనాథుడికి ఇచ్చాడు. ఏ రాజునూ అర్జునుణ్ణి చేయాల్సిన పని లేదు. ఆయన విరాటపర్వంలో ద్రౌపది కీచకుడి ముందు నిలబడి, తన భర్తలు అయిదుగురు గంధర్వులని బెదిరిస్తుంది. పంప ద్రౌపది ఆ మాట అనగలదా? ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే ఇదంతా కనపడదు. కావ్యం ఎవరి ఇంట్లో, ఎవరి కోసం వండారు అని అడిగితేనే కనపడుతుంది.

ఎర్రన గురించి చెప్పకపోతే ప్రకాశం వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. 14వ శతాబ్దంలో అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసి, తన రాజు పేరు పెట్టకుండా నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మూడు వందల ఏళ్ల నాటి వంట, అదే చేతి రుచితో. అనుకరణ అంటే తక్కువ పని అనుకునేవాళ్లు ఆ పద్యాలు ఒకసారి చదవాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. అనువాదం కూడా ఈ చదువులో భాగమే. పెద్దమ్మ పులుసు విధానం ఫోన్లో విని ఢిల్లీలో వండితే, పుల్ల మామిడికాయ దొరక్కపోతే ఏం వేస్తారు? అనువాదకుడి కష్టం అదే. భాషలు కనీసం రెండు బాగా రావాలి. సూళ్లూరుపేట, తడ వైపు పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడతారు. నెల్లూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. ఇంగ్లీషు రాదని టెన్షన్ పడకండి. అది నేర్చుకోవచ్చు, మీకున్న రెండో భాష మాత్రం ఎవరూ కోచింగ్ సెంటర్లో ఇవ్వలేరు.

ఎక్కడ చదవాలంటే, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో బుద్ధదేవ్ బోస్ 1956లో ఈ శాఖ మొదలుపెట్టారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988 నుంచి ప్రత్యేక కేంద్రం ఉంది. చాలా సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ అయితే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఏ డిగ్రీ వాళ్లు అర్హులో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కూడా ఇది ప్రత్యేక సబ్జెక్టు.

ఈలోగా విరాటపర్వం తెచ్చుకోండి. కీచకుడి ఘట్టం చదివి, ద్రౌపది అర్ధరాత్రి వంటశాలకెళ్లి భీముణ్ణి లేపే చోట ఆగండి. భర్త ఒక్కడే అయితే ఆ రాత్రి ఆమె ఎవరి తలుపు తట్టాలి? మీకేమనిపించిందో నాకు రాసి పంపండి. వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెడదాం.